టికెట్ కొనేది ఒకరు, ఫీజు తీరేది మరొకరికి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో లాటరీ ఆదాయంతో పిల్లలను ఉచితంగా చదివిస్తున్నారనీ, మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పని చేస్తే ప్రభుత్వ బడుల గతి మారిపోతుందనీ ఒక పాఠకుడు మీ పత్రికకు రాసిన లేఖ చదివాను. అందులో అబద్ధం లేదు. కానీ ఆయన రాసింది సగం సంగతే. మిగిలిన సగం చెప్పడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటున్నాను. మాది తెనాలి దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా జార్జియాలో ఉంటున్నాను. అట్లాంటా నుంచి ఇంటర్‌స్టేట్ 20 రహదారి మీద పడమరకు వెళ్తే అలబామా సరిహద్దుకు ముందు వచ్చే హరాల్సన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) పెట్రోలు బంకు, దాన్ని ఆనుకొని చిన్న దుకాణం నడుపుతున్నాను. పాలు, రొట్టె, సిగరెట్లు, బీరు అమ్ముతాను. లాటరీ టికెట్లు కూడా అమ్ముతాను, అదీ బాగానే అమ్ముతాను. మా పెద్దమ్మాయి ఆ లాటరీ సొమ్ముతోనే ఏథెన్స్‌లోని జార్జియా విశ్వవిద్యాలయంలో చదువుతోంది. ఈ డబ్బు బయలుదేరే చోటూ, చేరే చోటూ రెండూ మా ఇంట్లోనే ఉన్నాయన్నమాట.

ముందు మెచ్చుకోవలసినది మెచ్చుకుంటాను. 1964లో న్యూహాంప్‌షైర్ చదువు ఖర్చు కోసమని లాటరీ మొదలుపెట్టాక, ఒక్కో రాష్ట్రమూ అదే దారి పట్టింది. చాలామంది చదువు పేరే చెప్పారు. చెప్పిన వారందరూ చెప్పినట్టు చేయలేదు. కాలిఫోర్నియాలో 1985 నుంచి టికెట్లు అమ్ముతున్నారు. అక్కడ బడుల మొత్తం ఖర్చులో లాటరీ వాటా ఒక్క శాతం దగ్గరే తచ్చాడుతోంది. ఫ్లోరిడా 1988లో మొదలుపెడితే, లాటరీ డబ్బు ఇచ్చినట్టే ఇచ్చి మామూలు కేటాయింపులకు కోత పెట్టారన్న నింద చాలాకాలం మోసింది. జార్జియాలో జెల్ మిల్లర్ 1990లో గవర్నరు పదవికి (మన ముఖ్యమంత్రి పదవి వంటిది) పోటీ చేసినప్పుడు లాటరీయే ఆయన ప్రధాన వాగ్దానం. చర్చిలు గట్టిగా ఎదిరించాయి. 1992 నవంబరులో ప్రజల ఓటుకు పెడితే అవునన్నవారు 52 శాతం, కాదన్నవారు 48 శాతం. అంత బొటాబొటీగా నెగ్గి, 1993 జూన్ చివర్లో టికెట్లు అమ్మకానికి వచ్చాయి.

మిల్లర్ చేసిన తెలివైన పని ఏమిటంటే, లాటరీ మిగులును చదువుకు తప్ప మరి దేనికీ వాడకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించడం. దానికి వేరే ఖాతా, లోటు వచ్చిన ఏడాదికి వేరే నిల్వ. ఏ గవర్నరు వచ్చినా ఆ డబ్బుతో రోడ్డు వేయించలేడు, జైలు కట్టించలేడు. మొదటి నుంచి ఇప్పటిదాకా అలా చదువుకు చేరినది 2,500 కోట్ల డాలర్లు ఎప్పుడో దాటింది. ఈ మధ్య ఏటా 150 కోట్ల డాలర్లకు అటూఇటూగా చేరుతోంది. నేను అమ్మిన టికెట్ల డబ్బును కూడా లాటరీ సంస్థ వారం వారం నా బ్యాంకు ఖాతాలోంచి నేరుగా తీసేసుకుంటుంది. మా దుకాణంలో అంత కచ్చితంగా జరిగే లెక్క ఇంకొకటి లేదు.

ఆ డబ్బు ప్రధానంగా రెండు చోట్లకు వెళ్తుంది. ఒకటి నాలుగేళ్ల పిల్లల బడి. దీని గురించి మన పత్రికల్లో ఎవరూ రాయరు. స్కాలర్‌షిప్పులంటే ఉన్న మెరుపు దీనికి లేదు. నాలుగేళ్ల వయసున్న ప్రతి బిడ్డకూ, తల్లిదండ్రుల ఆదాయం ఎంతన్నది అడగకుండా, బడి ఏడాది పొడవునా రోజుకు ఆరున్నర గంటల పాటు ఉచితంగా చదువు చెప్పే పథకం ఇది. 1995లో ఆదాయ పరిమితి ఎత్తేసి, రాష్ట్రంలోని నాలుగేళ్ల పిల్లలందరికీ బడి తలుపు తెరిచిన మొదటి అమెరికా రాష్ట్రం జార్జియానే. ఏటా 70 వేల మందికి పైగా పిల్లలు చదువుతున్నారు. కొన్ని చోట్ల సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువై చీటీలు తీసి ఎంపిక చేస్తారు. లాటరీ డబ్బుతో నడిచే బడిలో సీటు కూడా లాటరీలోనే రావడం చూసి మా ఆవిడ చాలాసేపు నవ్వింది. మా ఇద్దరు పిల్లలూ ఆ బడిలోనే అక్షరాలు నేర్చుకున్నారు. మా దుకాణంలో రాత్రిపూట కౌంటరు దగ్గర పనిచేసిన ఒక ఆమె, ఆ బడి లేకపోతే పగటి ఉద్యోగంలో చేరగలిగేదే కాదు. పిల్లవాణ్ణి ప్రైవేటు సంరక్షణ కేంద్రంలో వదలాలంటే ఆమె జీతంలో సగం అక్కడే పోయేది.

రెండోది హోప్ స్కాలర్‌షిప్పు. ఆ మొదటి లేఖ రాసినాయన చెప్పింది దీని గురించే. హైస్కూలులో 4.0కు సగటు 3.0 తెచ్చుకొని జార్జియాలోనే ప్రభుత్వ కాలేజీలో చేరితే ట్యూషను ఫీజు రాష్ట్రమే కడుతుంది. కాలేజీలో చేరాక కూడా ఆ సగటు నిలబెట్టుకోవాలి. 30, 60, 90 క్రెడిట్లు (చదివిన కోర్సుల లెక్క) పూర్తయినప్పుడల్లా తనిఖీ ఉంటుంది. దీని మీద ఇంకో మెట్టు, మిల్లర్ పేరుతోనే ఉన్న జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్పు: 3.7 సగటు, దానితో పాటు కాలేజీ ప్రవేశ పరీక్షలైన శాట్‌లో 1200 మార్కులో, ఏసీటీలో దానికి తగిన మార్కులో రావాలి. మా అమ్మాయికి అది వచ్చింది. ఏడాదికి సుమారు 10 వేల డాలర్ల ట్యూషను ఫీజు మాకు తప్పింది. హాస్టలు, తిండి, పుస్తకాలు, ఇతర రుసుములు మేమే కడుతున్నాం. తండ్రిగా సంతోషమే. ఆ సంతోషాన్ని దాచుకొని ధర్మపన్నాలు చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు.

ఇక ఆ 10 వేల డాలర్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. నా కౌంటరు మీద వంద డాలర్ల టికెట్లు అమ్ముడుపోతే, అరవైకి పైగా బహుమతులకు వెళ్తాయి. నాకు ఆరేడు డాలర్ల కమిషను. ప్రకటనలకు, యంత్రాలకు, సంస్థ నిర్వహణకు కొంత. చదువుకు చేరేది పాతిక డాలర్ల దగ్గర. చట్టం మొదట రాసినప్పుడు సాధ్యమైనంతవరకు 35 శాతం చదువుకు చేరాలన్నారు. బహుమతులు పెంచితేనే అమ్మకం పెరుగుతుంది, అమ్మకం పెరిగితేనే మొత్తం పెరుగుతుంది అన్న వాదనతో శాతం తగ్గుతూ వచ్చింది. వ్యాపారిగా ఆ వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఒక సంగతి గమనించాలి: చదువుకు పాతిక చేరడానికి ఎవరో వంద తీయాలి. పన్ను వేసినా ఎవరో ఒకరు తీయాల్సిందే. తేడా ఏమిటంటే, పన్ను వేసేటప్పుడు ఎవరి మీద ఎంత అని శాసనసభలో గొడవ జరుగుతుంది. ఇక్కడ ఆ గొడవ లేదు.

ఆ వంద తీసేవారు ఎవరో నాకు తెలుసు. పవర్‌బాల్ అనే పెద్ద లాటరీలో బహుమతి మొత్తం బాగా పెరిగి టీవీలో వచ్చినప్పుడు కొనేవారు వేరు. అప్పుడు డాక్టర్లూ కొంటారు, కంప్యూటరు ఉద్యోగులూ ఆఫీసులో తలా కొంత వేసుకొని కొంటారు. 29 కోట్ల పైచిలుకు అవకాశాల్లో ఒక్కటి తమదవుతుందని వాళ్లూ నమ్మరు, సరదా. దుకాణం నడిచేది వారితో కాదు. గీకే టికెట్లు కొనేవారితో, రోజుకు మూడుసార్లు డ్రా తీసే క్యాష్ 3 అనే మూడంకెల ఆట ఆడేవారితో నడుస్తుంది. గిడ్డంగిలో పెట్టెలు మోసి రాత్రి పాళీ దిగి వచ్చే కుర్రాడు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఆయాగా చేసే ఆమె. మనవరాలి పుట్టినతేదీనే ఎప్పుడూ ఆడుతుంది. జీతాలు పడే శుక్రవారం నా కౌంటరు ముందు వరుస ఉంటుంది. నెల మొదట్లో పింఛను పడగానే పెద్దవాళ్లు వస్తారు. ఐదు డాలర్ల టికెట్ మీద ఐదు డాలర్లే వస్తే, ఆ ఐదుకూ మళ్లీ టికెట్టే అడుగుతారు. దుకాణం మూలన రాష్ట్రం అనుమతించిన ఆట యంత్రాలు కూడా ఉన్నాయి. 2013 నుంచి అవీ లాటరీ సంస్థ అదుపులోనే నడుస్తున్నాయి, వాటి ఆదాయంలో వాటా కూడా చదువుకే. గెలిస్తే నగదు ఇవ్వకూడదట. సరుకు, పెట్రోలు, లాటరీ టికెట్లు వంటివే ఇవ్వాలట. ఈ నిబంధన రాసినవారికి నా నమస్కారం.

మరో వింత అలబామా. అక్కడ ఇప్పటికీ లాటరీ లేదు. 1999లో వాళ్ల గవర్నరు జార్జియాను చూపించి చదువు కోసం లాటరీ పెడదామంటే ఓటర్లు వద్దన్నారు. వద్దన్న రాష్ట్రం నుంచే, బహుమతి మొత్తం పెరిగిన రోజున, నా బంకులో అలబామా నంబరు ప్లేట్ల కార్లు బారులు తీరతాయి. వాళ్ల డాలర్లతో జార్జియా పిల్లల ఫీజులు తీరతాయి; వాళ్ల పిల్లలకు మాత్రం దక్కేది లేదు. పొరుగు రాష్ట్రంలో లాటరీ ఉంటే మనమూ పెట్టక తప్పదన్న వాదన ఇలాంటిచోటే పుడుతుంది. సరిహద్దులో దుకాణం ఉన్నవాణ్ణి కనుక ఆ వాదనలో నిజం లేదని అనలేను.

ఇప్పుడు డబ్బు చేరే వైపు. అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీ, జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా ప్రాంతాల్లో మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. మంచి బడులు, ఇంటి దగ్గర ట్యూషన్లు, శాట్ శిక్షణ. అక్కడ ఏ పెళ్లిలోనో గృహప్రవేశంలోనో కలిస్తే పన్నెండో తరగతి పిల్లల తల్లిదండ్రుల మధ్య నడిచే మొదటి మాట "జెల్ వచ్చిందా?" అనే. వచ్చిందనే జవాబు ఎక్కువగా వినిపిస్తుంది. వాళ్లు నా దగ్గర గీకే టికెట్లు కొనరు, వాళ్ల ఊళ్లోనూ పెద్దగా కొనరు. మా హరాల్సన్ కౌంటీలో కొంటారు. ఇక్కడి బడి నుంచి జెల్ మెట్టు ఎక్కేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. జార్జియా విశ్వవిద్యాలయానికే చెందిన ఆర్థికశాస్త్ర ఆచార్యులు క్రిస్టఫర్ కార్న్‌వెల్, డేవిడ్ మస్టర్డ్ ఏళ్ల తరబడి ఈ పథకాన్ని పరిశీలించి, టికెట్ల భారం తక్కువ ఆదాయం ఉన్నవారి మీద ఎక్కువగా పడుతోందనీ, స్కాలర్‌షిప్పు లాభం డబ్బున్నవారికి ఎక్కువగా చేరుతోందనీ తేల్చారు. మరో పరిశోధనలో వాళ్లే ఇంకో తమాషా పట్టుకున్నారు. హోప్ వచ్చాక ధనిక కౌంటీల్లో కార్ల కొనుగోళ్లు పెరిగాయట. ఫీజు మిగిలింది కదా, పిల్లవాడికి కారు కొనిచ్చారన్నమాట. ఆ పిల్లలు ఎలాగూ కాలేజీకి వెళ్లేవారే. ఇదివరకు రాష్ట్రం దాటి చదవడానికి వెళ్లే మంచి విద్యార్థులు జార్జియాలోనే ఆగిపోయారు, దానివల్ల ఇక్కడి విశ్వవిద్యాలయాల స్థాయి పెరిగింది; అది లాభమే, కాదనను. కానీ ఆయా మనవరాలికి అది ఏ రకంగా లాభం?

మొదట్లో ఇలా లేదు. 1993లో హోప్ పెట్టినప్పుడు కుటుంబ ఆదాయం ఏడాదికి 66 వేల డాలర్లు దాటితే ఇచ్చేవారు కాదు. మరుసటి ఏడాది దాన్ని లక్షకు పెంచారు. 1995లో పూర్తిగా ఎత్తేశారు. మధ్యతరగతి ఓట్లు గట్టిపడ్డాయి, లాటరీని కదిలించే ధైర్యం మళ్లీ ఏ పార్టీకీ రాలేదు. 2011 నాటికి స్కాలర్‌షిప్పుల ఖర్చు ఆదాయాన్ని దాటి నిల్వ కరగడం మొదలైంది. గవర్నరు నేథన్ డీల్ కోత పెట్టారు. ఆదాయ పరిమితి తిరిగి పెట్టవచ్చు కదా? పెట్టలేదు. మార్కుల మెట్టును రెండు చేసి, పై మెట్టుకు పూర్తి ఫీజు, కింది మెట్టుకు తగ్గించిన ఫీజు అన్నారు. పుస్తకాల డబ్బు తీసేశారు. అప్పుడే టెక్నికల్ కాలేజీల్లో వెల్డింగు, నర్సింగు, లారీ డ్రైవింగు నేర్చుకునేవారికి ఇచ్చే గ్రాంటుకు కూడా 3.0 సగటు ఉండాలన్నారు. మా దుకాణానికి వచ్చేవారి పిల్లలు చదివేది ఆ కాలేజీల్లోనే. వేల మంది మధ్యలో మానేశారు. 2013లో తప్పు దిద్దుకొని మళ్లీ 2.0 చేశారు, మానేసిన వారందరూ తిరిగి రాలేదు. కింది మెట్టు హోప్‌కు పూర్తి ట్యూషను ఫీజు మళ్లీ ఇవ్వడానికి 2023 దాకా పట్టింది. కేవలం అవసరాన్ని చూసి ఇచ్చే సాయం అన్నది జార్జియాలో చాలాకాలం దాదాపు లేనట్టే. 2022లో చట్టం చేసి, చదువు ముగింపుకు వచ్చి డబ్బు లేక ఆగిపోయేవారికి కొద్ది మొత్తం ఇస్తున్నారు.

మనవాళ్లకు సంబంధించిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. హోప్ రావాలంటే అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డు వంటి హోదాయో ఉండాలి. తండ్రి హెచ్-1బి మీద ఉండి, గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్లుగా నిలబడి ఉంటే, రెండేళ్ల వయసులో ఇక్కడికి వచ్చి ఇక్కడే పెరిగిన పిల్లవాడు తండ్రి మీద ఆధారపడినవారికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉంటాడు. తరగతిలో మొదటివాడైనా అతనికి హోప్ లేదు, జెల్ లేదు. అదే ఇంట్లో ఇక్కడ పుట్టిన చెల్లెలికి వస్తుంది. అలాంటి ఇళ్లు నాకు చాలా తెలుసు. అమెరికాలో చదువు ఉచితం అని ఊళ్లో చెప్పుకునేటప్పుడు ఈ పిల్లల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

లాటరీ డబ్బుతో ఇక్కడి ప్రభుత్వ బడులు నడుస్తున్నాయని ఆ లేఖలో ఉన్న మాట కూడా సరికాదు. మొదటి సంవత్సరాల్లో బడులకు కంప్యూటర్లు, డిష్ యాంటెన్నాలు, కొన్ని భవనాలు ఇచ్చారు. తర్వాత అదీ ఆగింది. ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా టీచర్ల జీతాలు రాష్ట్ర పన్నులు, స్థానిక ఆస్తి పన్ను మీదే నడుస్తాయి. బడుల మీద రాష్ట్రం పెట్టే ఖర్చు ఏటా వెయ్యి కోట్ల డాలర్లు దాటుతుంది. లాటరీ ఎక్కడ, అది ఎక్కడ? పైగా లాటరీ వెలిగిపోతున్న కాలంలోనే, 2003 నుంచి 2018 దాకా, బడులకు చట్టం లెక్కకట్టిన మొత్తం కంటే తక్కువే రాష్ట్రం ఇస్తూ వచ్చింది. అడిగితే "లాటరీ ఉంది కదా" అనే జనం ఎక్కువ. నా కౌంటరు దగ్గరే ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. రాజ్యాంగంలో ఎంత గట్టిగా కంచె కట్టినా, ఆ కంచె లాటరీ డబ్బును కాపాడుతుందే కానీ జనం మనసులో మామూలు బడ్జెట్టుకు ఉండాల్సిన పట్టుదలను కాపాడదు.

ఇక మన దగ్గరికి వస్తే, జార్జియాలో మొదటి హోప్ స్కాలర్‌షిప్పులు ఇచ్చింది 1993 సెప్టెంబరులో. అదే ఏడాది అక్టోబరు 1న అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమెతో పాటు లేచిన ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్నవారే. పలక పట్టాక సారా దుకాణం లెక్క అడిగారు. ఆ తర్వాత సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఖజానా కోసం పోయింది. ప్రభుత్వం ఒక బలహీనత మీద వచ్చే ఆదాయానికి అలవాటు పడితే మానుకోవడం ఎంత కష్టమో తెలుగువారికి జార్జియా వచ్చి చెప్పక్కర్లేదు. కేరళ 1967 నుంచి ప్రభుత్వ లాటరీ నడుపుతోంది కదా, మనకేం అంటారేమో. కేరళ బడులు బాగున్నది లాటరీ వల్ల కాదు. లాటరీ రాకముందే బాగున్నాయి.

అయినా రేపు ఏదో ఒక ప్రభుత్వం ఈ ఆలోచన చేస్తుందనే అనుకుంటున్నాను. పథకాలకు డబ్బు చాలనప్పుడు ఇలాంటివి గుర్తుకొస్తాయి. అప్పుడు స్కాలర్‌షిప్పుల ఫొటోలు వేయడానికి ముందు మీ విలేకరులు ఒక్క పట్టిక అడగాలని నా విన్నపం: మండలాల వారీగా ఎన్ని రూపాయల టికెట్లు అమ్ముడుపోతాయి, అదే మండలంలో ఎంతమంది పిల్లలకు ఎంత సాయం చేరుతుంది అన్నది ఏటా పక్కపక్కన అచ్చువేయాలని చట్టంలోనే రాయమనండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు చూసి పంచుతామంటే కోచింగు సెంటర్ల ఊళ్లకే పోతుందని ఆ పట్టిక మొదటి ఏడాదే చెబుతుంది. అంగన్‌వాడీలో నాలుగేళ్ల పిల్లలకు అర్హత ఉన్న టీచరును పెట్టడానికి వాడతామంటే, నావంటివాడు కూడా కొంత మెత్తబడతాడు. ఈ రెండింటిలో ఏదీ చెప్పకుండా "చదువు కోసం" అని మాత్రమే అంటే, దయచేసి ఆ మాటను శీర్షికలో పెట్టకండి.

ఇట్లు,
ఒక తెలుగు దుకాణదారు,
హరాల్సన్ కౌంటీ, జార్జియా